ఎర్ర సిరాతో కొట్టేసిన పేరు: గోదావరి జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల కలెక్టర్లకు నమస్కారాలు.

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల పిల్లలు వచ్చి చదువుకునే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి 2024లో పదవీ విరమణ చేశాను. అన్నేళ్ల ఉద్యోగంలో నేను చేసిన ఒక పని నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. 2022 సెప్టెంబరు ఆఖరున తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఒక అమ్మాయి పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను. పక్కన ‘దీర్ఘకాలిక గైర్హాజరు’ అని రాశాను. గీత గీసే ముందు వాళ్లింటికి వెళ్లలేదు. రేవు దాటి వెళ్లాలి, పడవ వేళకు దొరకదు, వరద బురద ఇంకా బడి గదుల్లోంచి పూర్తిగా పోలేదు. ఇలాంటి కారణాలు చాలా చెప్పగలను. ఏదీ సరిపోదు.

పద్నాలుగు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒకరు వచ్చారు. ఆ అమ్మాయి పుట్టిన తేదీకి ఆధారం కావాలన్నారు. పక్క రాష్ట్రంలోని ఒక నగరంలో పోలీసులు ఒక ఇంట్లోంచి బయటికి తీసుకొచ్చిన ముగ్గురిలో ఆమె ఒకతె. ఆమె ఆధార్ కార్డులో వయసు పందొమ్మిది. మా అడ్మిషన్ రిజిస్టరులో పదిహేను. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూడాల్సింది బడి రికార్డునే. బీరువాలోంచి రిజిస్టరు తీసి, దుమ్ము దులిపి, నకలు రాసి సంతకం చేసి ఇచ్చాను. ఆమె ఇంకా చిన్నపిల్లేనని రుజువు చేసిన కాగితం నేను పేరు కొట్టేసిన బడి నుంచే వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆమెతోనే తిరుగుతున్నాను. అక్రమ రవాణా నుంచి బయటపడి తిరిగొచ్చిన పిల్లకు ఏం జరుగుతుందో ఆ తిరుగుడులో చూశాను. అది మీకు చెప్పాలనే ఈ లేఖ.

ఆమె పేరు, ఊరు రాయను. రాయకూడదని చట్టమూ చెబుతోంది. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండు వాక్యాలు తీసేయమంది, తీసేశాను.

వరద లెక్కలు మీకు నాకంటే బాగా తెలుసు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. హెచ్చరిక వినగానే ఏం చేయాలో లంకల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. పశువులను గట్టు మీదికి తోలాలి, బియ్యం అటక మీదికి ఎక్కించాలి. ఆ అమ్మాయి తండ్రి కౌలుకు చేసిన అరటి తోట రోజుల తరబడి నీళ్లలో నిలబడి కుళ్లిపోయింది. కౌలు బాకీ పడింది, దాని మీద వడ్డీ బాకీ. ఆగస్టులో ఒకామె వచ్చింది. దూరపు చుట్టం, పిల్లలు పిన్ని అని పిలిచే మనిషి. నగరంలో బట్టల దుకాణంలో పని, తిండి, ఉండడానికి గది అని చెప్పి ఇరవై వేలు ముందుగా తండ్రి చేతిలో పెట్టింది. ఉద్యాన శాఖ వాళ్లు వచ్చి పడిపోయిన అరటి చెట్లు లెక్క రాసుకున్నారు. తోటకు లెక్క ఉంది. ఆ ఇంట్లోంచి వెళ్లిపోయిన మనిషి ఏ లెక్కలోకీ రాలేదు. లెక్క రాయాల్సిన పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో నేను ఎర్ర గీత గీశాను.

అక్కడ ఆమెకు జరిగింది ఇంతకు మించి రాయను. తిరిగి వచ్చాక జరిగింది రాస్తాను. దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు.

ఆమె దొరికిన రోజు పత్రికలో వార్త వచ్చింది. ‘బాలికను రక్షించిన పోలీసులు’ అని శీర్షిక. పేరు రాయలేదు కానీ లంక పేరు రాశారు, తొమ్మిదో తరగతి అని రాశారు, తండ్రి అరటి రైతు అని రాశారు. ఆ లంకలో ఆ ఏడు బడి మానేసిన తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒక్కతే. పేరు రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే. గుర్తుపట్టే ఏ వివరమూ ప్రచురించకూడదని, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ వివరాలు విలేకరికి ఎవరు ఇచ్చారో ఎవరూ అడగలేదు.

తరవాత పదకొండు నెలలు పిల్లల సంరక్షణ హోంలో ఉంది. ఏ హోమో రాయను. వేళకు అన్నం పెట్టారు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఎవరూ చేయి చేసుకోలేదు. ఉన్నమాట చెప్పాలి కదా. కానీ గేటుకు తాళం, ఫోను లేదు, బడి లేదు. మూడో నెలలో అనుమతి తీసుకుని చూడడానికి వెళ్లాను. వరండాలో బల్ల మీద ఎదురుగా కూర్చుని, కాసేపు నా చేతిసంచి వైపు చూసి, తల ఎత్తకుండా అడిగింది.

“టీచర్ గారూ, నన్ను తీసుకెళ్లినామె బెయిలు మీద బయట తిరుగుతోందట. నేను లోపల ఉన్నాను. నేనేం చేశాను?”

ముప్పై ఏళ్లకు పైగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషిని. ఆ రోజు నోరు పెగల్లేదు. ఇష్టానికి విరుద్ధంగా రక్షణ గృహాల్లో ఉన్న మేజరు స్త్రీల కేసులు సమీక్షించి వాళ్లను విడిచిపెట్టాలని సుప్రీంకోర్టు 2022 మే నెలలో రాష్ట్రాలకు చెప్పింది. మైనర్ల సంగతి వేరు, వాళ్లకు కాపలా కావాలి, ఒప్పుకుంటాను. కాపలాకు, బందిఖానాకు తేడా ఉంది. బడికి పంపడానికి ఒక ఆయాను తోడివ్వచ్చు. వారానికి రెండుసార్లు తల్లితో ఫోనులో మాట్లాడనివ్వచ్చు. బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ మరుసటి ఏడాది సెప్టెంబరులో అమల్లోకి వచ్చాక, రక్షణ అవసరమైన పిల్లల కేసులు చూసే బాలల సంక్షేమ సమితుల పనితీరును సమీక్షించే బాధ్యత, హోములు పరిశీలించే అధికారం కలెక్టర్ల చేతికి వచ్చాయి. తనిఖీకి వెళ్లినప్పుడు వంటగది, మరుగుదొడ్లు ఎలాగూ చూస్తారు. ఒక పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చుని, ‘ఇక్కడ నీకు ఏం తోచడం లేదమ్మా?’ అని కూడా అడగండి.

ఇంటికి వచ్చిన రెండో నెలలో ఒక ఉదయం కోర్టు సమను వచ్చింది. యూనిఫారంలో ఉన్న కానిస్టేబులు మోటారు సైకిలు మీద రేవు దగ్గర దిగి, టీ దుకాణంలో ఆ అమ్మాయి పేరు చెప్పి ఇల్లెక్కడ అని అడిగాడు. అక్కడ పది మంది ఉన్నారు. ఏ కేసండీ అని ఒకరు అడిగితే పోక్సో అన్నాడు. ఆయనకు దురుద్దేశం ఉందని నేను అనుకోను. కాగితం అందించాలి, సంతకం తీసుకోవాలి, ఇంకో నాలుగు ఊళ్లు తిరగాలి. కానీ ఏడాదిగా ఆ తల్లి కట్టుకుంటూ వచ్చిన మాట, ‘మా అమ్మాయి మేనత్త ఊళ్లో ఉండి చదువుకుంది’ అన్న మాట, ఆ టీ గ్లాసుల మధ్య కూలిపోయింది. మర్నాడు నీళ్ల కుళాయి దగ్గర ఎవరూ తల్లితో మాట్లాడలేదు. ఒకామె మాత్రం మాట్లాడింది. ‘తనే వెళ్లింది కదా, ఎవరూ ఎత్తుకుపోలేదుగా’ అంది. ఆ మాటకు చట్టంలో జవాబు ఉంది. అప్పటి శిక్షాస్మృతి 370వ సెక్షన్‌లోనైనా, ఇప్పటి న్యాయ సంహిత 143లోనైనా, అక్రమ రవాణా నేరాన్ని తేల్చేటప్పుడు బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నదానికి విలువే లేదు. ఆ మాట కుళాయి దగ్గరికి ఎవరు తీసుకెళ్లాలి?

పిల్ల వాంగ్మూలం తీసుకునే పోలీసు యూనిఫారంలో ఉండకూడదని పోక్సో చట్టంలోనే రాసుకున్నాం. సమను పట్టుకెళ్లే పోలీసుకు కూడా అదే వర్తించాలని చెప్పడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఎస్పీ గారితో మీరు ఒక్క మాట మాట్లాడితే చాలు. మామూలు బట్టల్లో ఒక మహిళా కానిస్టేబులు పొద్దుగూకాక వెళ్లి తల్లి చేతికి ఇచ్చి రావచ్చు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఆమె దగ్గర అరవై పేజీల నోటుపుస్తకం ఒకటి ఉంది. వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో గీతలు ఉన్నాయి. ధాన్యం బస్తాలు లెక్కపెట్టేటప్పుడు కల్లంలో గీస్తారే, నాలుగు నిలువు గీతలు గీసి అయిదోది అడ్డంగా, అలా. రెండు కట్టలు, పక్కన ఒక గీత. అదేమిటని అడిగితే చాలాసేపు చెప్పలేదు. తన కథ ఎన్నిసార్లు చెప్పిందో ఆ లెక్క. పోలీసులకు ఒకసారి, డాక్టరుకు ఒకసారి, ఆ నగరంలోని సమితి ముందు, మేజిస్ట్రేటు ముందు, హోంలో కౌన్సెలరుకు, ఆమె ఉద్యోగం మానేస్తే కొత్తగా వచ్చిన కౌన్సెలరుకు, ఇక్కడి సమితికి, ఇంటి పరిస్థితి చూడడానికి వచ్చిన అధికారికి, ఆయన బదిలీ అయ్యాక వచ్చిన మరో అధికారికి, న్యాయవాదికి. పదకొండో గీత ఎవరిదని అడిగాను. “మీదేనండీ” అంది.

ఆ తరవాత నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

పదకొండు మందిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందరూ వాళ్ల కాగితం వాళ్లు నింపారు. ప్రతి కాగితమూ మొదటి నుంచి మొదలవుతుంది. పేరు, తండ్రి పేరు, ఏం జరిగింది. వెనకటి మనిషి రాసుకున్నది ముందరి మనిషికి చేరదు. చేరినా చదివే తీరిక ఉండదు. పిల్ల ఎదురుగా ఉంది కదా, అడిగితే పోలా అనుకుంటారు. అలా అడిగిన రాత్రి ఆమె నిద్రపోదు. లైటు తీయనివ్వదు. తెల్లవారేదాకా తల్లి ఆమె పక్కన కూర్చుని ఉంటుంది. ఆ మర్నాడు పొద్దున ఆ తల్లి చేపల తట్ట ఎత్తుకోవాలి.

దీనికి విరుగుడు చట్టంలో ఎప్పుడో రాసి ఉంది. 2020 నాటి పోక్సో నియమాలు పిల్లకు ఒక సహాయక వ్యక్తిని ఇవ్వాలంటాయి. దర్యాప్తు మొదలు తీర్పు దాకా వెంట ఉండి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పి, కోర్టుకు తోడు వెళ్లే మనిషి. ఇది ఇస్తే ఇవ్వచ్చు, మానితే మానచ్చు అన్న సంగతి కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ అమ్మాయి దస్త్రంలో కూడా సహాయక వ్యక్తి పేరు ఉంది. ఆ పేరున్న మనిషిని ఆమె ఒక్కసారి చూసింది. ఫోను నంబరు ఇచ్చారట, రెండు నెలలకు అది పనిచేయడం మానేసింది.

అయ్యా, అమ్మా, నేను అడిగేది ఒక మనిషిని. కొత్త భవనం అడగడం లేదు, కొత్త పథకం అడగడం లేదు. దొరికిన రోజు నుంచి ఇరవై ఒకటో ఏడు నిండేదాకా మారని ఒక మనిషిని ప్రతి పిల్లకూ ఇవ్వండి. ఆ మనిషికి జీతం ఇవ్వండి, బస్సు ఛార్జీలు ఇవ్వండి, పదిమంది పిల్లల కంటే ఎక్కువ అప్పజెప్పకండి. బదిలీ తప్పకపోతే వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని పిల్ల ఇంటికి వెళ్లి, కూర్చుని, టీ తాగి, పరిచయం చేసి రావాలి. పిల్ల మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేకుండా, ఆమె ఒప్పుకున్నంత మేర, ఒక్క దస్త్రం ఆ మనిషి చేతిలో ఉండాలి. ఎవరికి ఏం కావాలన్నా ఆ మనిషినే అడగాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది మరీ అవసరమైంది. కేసు ఒక జిల్లాలో, హోం ఒక జిల్లాలో, ఇల్లు ఇంకో జిల్లాలో పడిన పిల్లలున్నారు. అందుకే అయిదుగురికీ కలిపి రాస్తున్నాను.

కోర్టు సంగతి చెప్పాలి. ఆమె సాక్ష్యం చెప్పాల్సిన కోర్టు ఆ నగరంలోనే ఉంది. అమలాపురంలో సాయంత్రం బస్సు ఎక్కితే తెల్లవారుజామున దిగుతాం. ఆ ఊరి పేరున్న బోర్డు కనపడగానే ఆమె చేయి చల్లబడడం నాకు తెలుస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు న్యాయమూర్తి సెలవు. రెండోసారి ముద్దాయి తరఫు న్యాయవాది గడువు అడిగారు. మూడోసారి సగం సాక్ష్యం అయింది, తక్కినది వాయిదా. కేసు విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు చేయాలని, వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగించాలని పోక్సో చట్టం 35వ సెక్షన్ చెబుతోంది. సాక్ష్యం చెప్పేటప్పుడు పిల్లకు ముద్దాయి కనపడకూడదని 36 చెబుతోంది. కోర్టు గదిలో ఆ ఏర్పాటు చేశారు కూడా. వరండాలో ఎవరూ చేయలేదు. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ‘పిన్ని’ మమ్మల్ని చూసి గ్లాసు పక్కన పెట్టి, “బాగున్నావా అమ్మా? చిక్కిపోయావేం?” అని అడిగింది. బెదిరించినా అంత పని జరిగేది కాదు. ఆ రోజు ఆమె సగం సాక్ష్యమే చెప్పగలిగిందని ఎవరైనా అంటే, ఆ సగమైనా ఎలా చెప్పిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

మూడు ప్రయాణాలు అయ్యాక ఒక కుర్ర న్యాయవాది చెబితే తెలిసింది. అక్రమ రవాణాకు గురైన పిల్లలు సాక్ష్యం కోసం రాష్ట్రాలు దాటి రానక్కర్లేదని, ఉంటున్న చోటికి దగ్గరలోని కోర్టు ఆవరణలోనో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలోనో కూర్చుని వీడియో ద్వారా చెప్పవచ్చని 2022 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ పిల్లకు సాయంగా ఒక సమన్వయకర్త ఉండాలి. అంటే ఆ అమ్మాయి దొరకడానికి ఏడాదిన్నర ముందే ఆ దారి తెరిచి ఉంది. మాకు ఎవరూ చూపించలేదు. కోర్టులు మీ అధీనంలో ఉండవని తెలుసు. గది, తెర, నెట్ సౌకర్యం, ఆ రోజు తోడుండే మనిషి, ఇవి మీరూ జిల్లా జడ్జి గారూ కలిసి కూర్చుంటే ఒక్క సమావేశంలో తేలే సంగతులు.

డబ్బు గురించి రాయడానికి మొహమాటపడను. తండ్రిని మొదట నేను చెడామడా తిట్టాను. తరవాత ఆయన కౌలు లెక్కలు చూశాను, ఇంక తిట్టలేకపోయాను. ఆ ఇరవై వేలు ఇప్పటికీ ఆయన కళ్లెత్తి చూడలేని బాకీ. ముందుగా డబ్బిచ్చి, అది తీరేదాకా మనిషిని కదలనివ్వకుండా చాకిరీ చేయించుకోవడాన్ని 1976 నాటి చట్టం వెట్టిచాకిరీ అంటుంది. వెట్టి నుంచి బయటపడినవారికి 2016లో తెచ్చిన కేంద్ర పునరావాస పథకంలో, వ్యభిచార గృహాల నుంచి, అక్రమ రవాణా నుంచి బయటపడిన స్త్రీలకు, పిల్లలకు 3 లక్షల రూపాయలు ఉన్నాయి. 30 వేల వరకు తక్షణ సాయం తీర్పు కోసం ఆగకుండా ఇవ్వచ్చు. దానికి కావాల్సిన విముక్తి పత్రం ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు. ఆ నగరంలో ఎవరికీ ఆ ఊహే రాలేదు. అది వ్యభిచారం కేసు, ఇది వెట్టి కేసు అని రెండు అరల్లో పెట్టుకున్నారు. పిల్ల మీద రెండూ ఒకేసారి జరిగాయి. ఇక్కడి నుంచి అక్కడి కలెక్టరుకు మీరు ఒక ఉత్తరం రాస్తే ఆ అర తెరుచుకుంటుంది. పోక్సో కోర్టు ఇప్పించగల మధ్యంతర పరిహారం కూడా అంతే. కేసు తేలేదాకా ఆగనక్కర్లేదు, ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి. డబ్బు వేసే ముందు ఖాతాలో పిల్ల పేరు పక్కన ఉన్న రెండో పేరు ఎవరిదో కూడా కనుక్కోండి.

పిల్లల రక్షణ కోసం కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు ఆమెకు వస్తున్నాయి. ఆ డబ్బుతోనే ఆ ఇంట్లో పాలు పోయించుకుంటున్నారు. పద్దెనిమిది నిండగానే అవి ఆగిపోతాయి. హోంలో ఉండగానే పద్దెనిమిది నిండి బయటికి వచ్చేవాళ్లకు ఇరవై ఒకటో ఏడు వరకు అనంతర సంరక్షణ ఉంది. చట్టం మాట్లాడేది సంస్థను విడిచి వెళ్లేవాళ్ల గురించి. అమ్మ దగ్గరికి ముందే వచ్చేసిన పిల్లకు అది అందదు. తాళం వేసిన గేటు లోపలే ఉండి ఉంటే ఇంకో మూడేళ్లు సాయం దొరికేది. ఇంటికి రావడమే నష్టం కాకూడదు కదా. ఈ సందు పూడ్చమని ప్రభుత్వానికి మీరు రాయండి. అది పూడేదాకా జిల్లాలో మీ చేతిలో ఉన్న నిధి ఏదైనా చూడండి.

ఆధార్ కార్డు ఇంకో ముడి. పుట్టిన తేదీ ఒకసారే మార్చనిస్తారు. ఆ ఒక్కసారీ ఆమెను తీసుకెళ్లినవాళ్లు వాడేశారు. కార్డు ప్రకారం ఆమెకు ఎప్పుడో ఇరవై దాటాయి, బడి రికార్డు ప్రకారం మైనరు. బ్యాంకులో, ఓపెన్ స్కూలు దరఖాస్తులో, ఆసుపత్రిలో, ప్రతి చోటా ఈ తేడా ఎందుకొచ్చిందని అడుగుతారు. జవాబు చెబితే ఇంకో గీత. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది, సంతోషమే, కానీ ఆధార్ తీయాలంటే ఆమెకు భయం. ఒక్కోసారి టికెట్టు కొనుక్కుని వెళ్తుంది.

ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు. గల్ఫ్‌కు వెళ్లే దారిలో కూడా వయసు ఇలాగే పెంచుతారు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని వలస నిబంధన ఉంది కాబట్టి, ఇరవై రెండేళ్ల పిల్లకు ముప్పై ఒకటి రాయిస్తారు, లేకపోతే విజిటింగ్ వీసా మీద ఎక్కిస్తారు. మా డెల్టాలో ఒక్కో వీధిలో ఒక్కో కువైట్ ఇల్లు ఉంటుంది. ఆ ఇళ్లు అందరికీ కనిపిస్తాయి, జీతం లేకుండా, పాస్‌పోర్టు లేకుండా, మాట పడిపోయి తిరిగొచ్చిన అమ్మాయిలు కనిపించరు. వాళ్లను బాధితులుగా ఏ కాగితమూ గుర్తించదు, ఎందుకంటే వాళ్లు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చారు, పోలీసు జీపులో రాలేదు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం తలుపు వాళ్లకు కూడా తెరిచే ఉందని చెప్పేవాళ్లు కావాలి.

చివరిగా, ఆమె ఏం కావాలనుకుంటోందో. హోంలో రాసిన సంరక్షణ ప్రణాళికలో ‘వృత్తి శిక్షణ: కుట్టుపని’ అని ఉంది. ఆమెతో ఉన్న మిగతా పిల్లల కాగితాల్లో కూడా అదే మాటట. కుట్టుపని గౌరవమైన పనే, నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లి ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ కష్టపడి వచ్చిన ప్రతి ఆడపిల్లకూ ఒకే మిషను చూపించడం ఏమిటి?

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పన్నెండేళ్లు నిండకుండానే, 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలూ ఘోషా స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టి, అయిదు వేల రూపాయలు పోగుచేసి వాళ్లకోసం వేరే సభ పెట్టించింది. ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోని ఆడవాళ్లకు సభ పెట్టించిన పిల్ల పెద్దదయ్యాక ఏం చేసిందో నేను ప్రతి ఏడూ తరగతిలో చెప్పేదాన్ని. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లు ఒకటి రెండేళ్లలో మెట్రిక్ రాసేలా సంక్షిప్త కోర్సులు నడిపించింది. తనకు ఎనిమిదో ఏట పెళ్లయింది, చదువు ఆగడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆగిన చోటి నుంచి, అవమానం లేకుండా, త్వరగా. ఆ కోర్సు పుట్టింది మన నేల బిడ్డ బుర్రలో. ఈ పిల్లలకు కావాల్సింది అదే. పదో తరగతి గదిలో తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోలేని పిల్లకు ఓపెన్ స్కూలు ఉంది, కానీ ఇంట్లో కూర్చుని పుస్తకం ముందేసుకుంటే లెక్కలు రావు. వారానికి నాలుగు రోజులు చెప్పే టీచరు కావాలి. విశ్రాంత ఉపాధ్యాయులం జిల్లాకు ఎంతమందిమి ఉన్నామో మీ దగ్గర జాబితా ఉంటుంది. అడగండి. పిలిస్తే వస్తాం.

మా అమ్మాయికి కావాల్సింది మేము అనుకోకుండా తెలిసింది. చెరువుల మీద పనిచేసే మేనమామ నీళ్ల పరీక్షకు సీసా పట్టుకుని ఒక ఆక్వా ల్యాబ్‌కు వెళ్తూ ఆమెను వెంట తీసుకెళ్లాడు. అక్కడ ల్యాబ్ అమ్మాయి గాజు గొట్టంలోంచి ఒక్కో చుక్క వేస్తూ ఉంటే, ఎర్రగా ఉన్న నీళ్లు ఒక చుక్క దగ్గర నీలంగా మారిపోయాయి. నీటి కాఠిన్యం పరీక్ష అది. ఇంటికి వచ్చి నన్ను అడిగింది, ఆ చుక్క ఏదో ముందే ఎలా తెలుస్తుందని. రెండేళ్లలో ఆమె నన్ను అడిగిన మొదటి చదువు ప్రశ్న అది. తెలియదు, లెక్కపెట్టుకుంటూ వేయాలి అని చెప్పాను. నోటుపుస్తకం తీసి రాసుకుంది, ఈసారి ముందు పేజీలో. భీమవరం నుంచి మా వైపు దాకా చెరువులున్న ప్రతి చోటా ఇలాంటి ల్యాబ్‌లు ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ సైన్సు గట్టెక్కిస్తే ఆమెలాంటి పిల్లలు అక్కడ పని నేర్చుకోగలరు. మత్స్యశాఖ అధికారులతో ఒక్కసారి మాట్లాడి చూడండి.

ఆమెకు మిగతా సాక్ష్యం వాయిదా వచ్చే నెలలో ఉంది. వీడియో ద్వారా చెప్పనివ్వమని దరఖాస్తు పెట్టాం. గది దొరికితే ఇంటి నుంచి గంట ప్రయాణం. దొరకకపోతే ముందు రోజు సాయంత్రం అమలాపురం బస్టాండులో ఉంటాం. ఎప్పుడూ తలుపు కనిపించే సీటులోనే కూర్చుంటుంది, కిటికీ పక్కన నేను. మీ తరఫున తోడు మనిషిని పంపాలనుకుంటే ఈ వారమే ఇంటికి పంపండి. ఆమె ఏమీ అడగకుండా రెండు పూటలు వచ్చి కూర్చుని వెళ్లమనండి. మూడో పూట ఆమే మాట్లాడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
కోనసీమ